నోరు తెరిచిన విగ్రహం

దగ్గరికి రండి, ఆ చాప ఇటు లాక్కుని కూర్చోండి. చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి, నాకేమీ పట్టింపు లేదు. ముప్పై ఐదేళ్లుగా మనుషుల ముఖాలు చేస్తున్నదాన్ని, చెప్పాలంటే చాలా ముఖాలున్నాయి. ఇవాళ మాత్రం ఒక్కటే చెబుతాను, సముద్రంలో పోయి మళ్లీ దొరకని తిమ్మప్ప ముఖం.

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, శ్రావణ మాసం. వనపర్తి నుంచి పెబ్బేరు పోయే రోడ్డు పక్కన మాకు విగ్రహాలు చేసే షెడ్డు ఉంది. రేకుల కప్పు, ముందర తలలు లేని మొండేలు, పక్కన మొండేలు లేని తలలు. బస్సులో పోయే పిల్లలు మా షెడ్డు రాగానే అమ్మ ఒళ్లో ముఖం దాచుకుంటారట. మా ఆయన నిలువు చేస్తాడు, అంటే ఒళ్లు, చేతులు, బట్టల మడతలు. ముఖం నాది. కళ్లు, పెదవులు, చెవులు, చివర రంగులు, అన్నీ నేనే. నేను బడిలో మూడో తరగతి దాటలేదు కానీ ఒకసారి చూసిన ముఖం మరిచిపోను.

మా పని ఎట్లా ఉంటుందో ముందు చెప్పాలి, లేకపోతే తర్వాత సంగతి అర్థం కాదు. ఇనుప చువ్వలు కట్టి వాటి మీద బంకమట్టితో మనిషిని నిలబెడతాం. దాన్ని క్లే మోడల్ అంటారు. ఆ మట్టి మనిషి మీద ప్లాస్టర్ పోసి మోల్డ్ తీస్తాం, మోల్డ్ అంటే అచ్చు. ఆ అచ్చులో ఫైబర్ గుడ్డ పరిచి, రెజిన్ అనే జిగురు పూసి ఆరబెడితే విగ్రహం అవుతుంది. అచ్చు తీసేటప్పుడు మట్టి మనిషి ముక్కలు ముక్కలైపోతాడు. ఇక దిద్దడానికి ఏమీ మిగలదు. అందుకని అచ్చుకు ముందే ఇంటివాళ్లను పిలిచి చూపిస్తాం. దాన్ని మేము మట్టి చూపు అంటాం.

మట్టి చూపుకు మా మామ పెట్టిన పద్ధతి ఒకటుంది. ఇంటివాళ్లు చూసి బాగుంది అంటారు, అచ్చం అట్లే ఉన్నాడంటారు, ఫోన్లు తీసి ఫొటోలు దిగుతారు. అవేవీ లెక్కలోకి తీసుకోం. ఇంటివాళ్లలో ఒక్కరి కన్నైనా తడవాలి. అప్పటిదాకా ప్లాస్టర్ బస్తా విప్పం. ఒకసారి ఉప్పునుంతల నుంచి వచ్చిన ఒకామె మొగుడి మట్టి ముఖం చూసి ఏడుపు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. మా ఆయన పక్కకు పోయి బస్తా విప్పాడు.

ఆ శ్రావణంలో అయిజ అవతలి పల్లె నుంచి ఒక పెద్దామె, ఆమె మేనల్లుడు వచ్చారు. ఆమె పేరు ఈరమ్మ. డెబ్బై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. మేనల్లుడు రాఘవేందర్‌కు అయిజలో ఎరువుల దుకాణం. వచ్చీ రాగానే మాట అతనే అందుకున్నాడు.

"మా పెద్దనాయన విగ్రహం చెయ్యాలె. తిమ్మప్ప అని. మిలిటరీల పోయిండు, బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు. మా చేన్ల పెడ్తం. పెద్ద లీడర్‌ను పిలుస్త, జర జల్దిగ కావాలె."

చేతిలో ఒక ఫొటో పెట్టాడు. అది బొటనవేలంత ఉంది. తెల్లటి బట్టలు, గుండ్రటి టోపీ, ఇరవై మూడు ఇరవై నాలుగేళ్ల పిల్లవాడు. పెదవులు బిగించి ఫొటోకు నిలబడ్డాడు.

పలక మీద చెక్కడానికి కావాలి కాబట్టి నేను అలవాటుగా అడిగాను. "పోయిన తారీఖు ఏంది?"

రాఘవేందర్ తల దించుకున్నాడు. ఈరమ్మ నన్ను కిందినుంచి పైకి చూసింది.

"పోయిండని నీకెవరన్నరు చెల్లె?"

చాయ్ తెప్పించి ఇద్దరినీ కూర్చోబెట్టాను. ఆమె గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని చెప్పింది.

తిమ్మప్ప ఆమెకు అన్న. చదువుకుని నేవీలో చేరాడు. విమానంలో కూర్చునే పని. ఇంటికి రాసిన ఉత్తరంలో ఆ మాట ఉంటే ఊరంతా నవ్విందట, నీళ్ల మిలిటరీలో విమానమెందుకు అని. యుద్ధం మొదలైన కొన్నాళ్లకు టెలిగ్రాం వచ్చింది, జాడ తెలియడం లేదని. చాలా రోజుల తర్వాత ఒక కాగితం వచ్చింది, చనిపోయినట్టు భావిస్తున్నామని. ఒళ్లు దొరకలేదు. టోపీ కూడా దొరకలేదు.

"మా అమ్మ ఆ కాగితం సదివించుకొని, భావించేటోళ్లు వాళ్లెవరు, కన్నది నేను అన్నది. మా అన్న బావిల దుంకిండంటె పైకి తేలేదాక మేము గట్టు మీద ఊపిరి బిగవట్టుకొని కూసుంటుంటిమి. ఊర్ల ఏ బావిల బిందె పడినా తీసేటోడు వాడే. గసుంటోన్ని సముద్రం ఏం చేస్తదని మా అమ్మ నమ్మకం. ఏడనో ఒడ్డు వట్టుకున్నడు, ఏ దేశం జైల్ల ఉన్నడో, వస్తడు అంటుండె. మేము గూడ నమ్మినం. మాకు సముద్రమంటె ఏం తెల్సు? మా బావి కన్న జర పెద్దగుంటది అనుకున్నం."

నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు. మా వైపు వాళ్లకు నీళ్లంటే బావి, కుంట, మహా అయితే వానాకాలంలో కృష్ణ. నేనూ సముద్రం చూడలేదు. ఆ ఇంట్లో నేనున్నా అదే అనుకునేదాన్ని.

ఇక అసలు బాధ చెప్పింది. భాద్రపదంలో వచ్చే అమావాస్యను మేము పెత్రమాస అంటాం. ఆ రోజు ఇంట్లో పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటి చెప్పి బియ్యం, ఉప్పు, చింతపండు, కూరగాయలు ఇస్తాం. పేరు చెప్పినవాళ్లకే ముడుతుందని మా నమ్మకం. తల్లి బతికున్నన్నాళ్లూ తిమ్మప్ప పేరు చెప్పనివ్వలేదు. తల్లి పోయాక ఆమె పేరు కూడా ఆ వరుసలో చేరింది కానీ కొడుకు పేరు చేరలేదు.

"పేరు చెప్తే నేనే సంపినట్టయితది. చెప్పకుంటె ఆకలితోటి ఉంటడు. ప్రతి పెత్రమాసకు నాకు ఇదే పరేషాన్. నా తమ్ముడు గూడ పోయిండు. ఇగ వాని ముఖం యాదికున్నదాన్ని నేనొక్కదాన్నే. నేను పోతె అడిగేటోళ్లు లేరు. అందుకే చెప్తున్న చెల్లె. మా అన్న ముఖం ఒకటి ఎదురుంగ ఉంటె, ఆ ముఖానికి చెప్పి ఈసారి బియ్యమిస్త."

"ముఖం కుదరకపోతే?" అన్నాను.

"కుదరకపోతె బియ్యమియ్య. ఎవరి ముఖమో జూసి మా అన్న సచ్చిండని ఎట్ల చెప్త?"

పెత్రమాసకు నలభై రోజుల పైన ఉంది. మేము చేస్తామన్నాం.

ఇప్పుడు మా తప్పు చెప్పాలి. మా షెడ్డులో జవాను ఒంటికి పాత మోల్డ్ ఒకటి ఉంటుంది. మా వైపు పల్లెల నుంచి మిలిటరీలో చేరినవాళ్లు ఉన్నారు, అందులో పోయినవాళ్లూ ఉన్నారు. ఎవరొచ్చినా ఆ ఒళ్లే తీసి, తల మాత్రం కొత్తగా చేసి పెడతాం. ఖాకీ బట్టలు, నడుముకు బెల్టు, చేతిలో తుపాకీ. మా ఆయన ఆ అచ్చులో మట్టి నొక్కి నిలబెట్టాడు. నేను ఫొటో చూసి ముఖం చేశాను. పెదవులు బిగించి, గడ్డం కొంచెం పైకెత్తి, సన్నటి మీసం. జవాన్లందరికీ నేను చేసే ముఖమే అది.

పది రోజులకు మట్టి చూపుకు పిలిచాం. ఈరమ్మ వచ్చి విగ్రహం చుట్టూ రెండుసార్లు తిరిగింది. వెనక్కి పోయి చూసింది, దగ్గరికొచ్చి చూసింది.

"మంచిగున్నడు," అంది. "ఎవరీయన?"

రాఘవేందర్‌కు కోపం వచ్చింది. "అత్తా, మా పెద్దనాయనే గదా. ఫొటో సూడు, ముక్కు సూడు."

"ముక్కు వానిదే. మనిషి వాడు గాదు."

ఆమెను కూర్చోబెట్టి ఒక్కొక్కటీ అడిగాను. చెవి తమ్మెలు చెంపకు అతుక్కుని ఉండేవట. ఎడమ కనుబొమ్మలో బావి గట్టు తగిలి తెగిన గాటు. మీసం లేదు, ఫొటోలో మీసంలా కనబడింది కాగితం మీది మరక. వారం రోజులు అవన్నీ దిద్దాను. తడి గోనెపట్టాలు కప్పుతూ, తీస్తూ, మట్టి పగలకుండా కాపాడుకుంటూ చేశాను. రెండోసారి వచ్చినప్పుడు రాఘవేందర్ ఫోనులో ఫొటో పెద్దది చేసి పక్కన పెట్టి చూసుకుని, సేమ్ టు సేమ్ అన్నాడు. నాకూ ఆ ముఖం మీద నమ్మకం కుదిరింది.

ఈరమ్మ చాలాసేపు నిలబడింది. కన్ను మాత్రం పొడిగానే ఉంది.

"ఫొటో లెక్కనే ఉన్నడు చెల్లె. ఫొటో నా ఇంట్లనే ఉన్నది గదా."

ఆ మాటకు నేను రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మా ఆయన, "అయినకాడికి అచ్చు తీద్దాం, ఆమె ఏడ్వది, కొందరు ఏడ్వరు," అన్నాడు. నేను ఒప్పుకోలేదు. కుదరకపోతే ఆమె పేరు చెప్పదు. ఆమె చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. మామూలు గిరాకీ అయితే ఒప్పుకునేదాన్నేమో.

"బట్టలన్న సరిగున్నయో లేదో అడుగుదాం," అన్నాను. "నేవీల ఖాకీ వేస్తరా?"

మా ఆయనకూ తెలియదు. వనపర్తిలో రిటైరైన జవాన్లను అడిగితే అందరూ ఆర్మీ వాళ్లే. చివరికి ఒకాయన చెప్పాడు, రాజవీధిలో ఖాజా సాబ్ అని ఒకరున్నారు, ఆయన ఓడల్లో చేసి వచ్చాడు, ఈ చుట్టుపక్కల నేవీ మనిషి ఆయనొక్కడే అని.

మా ఆయన పోయి బండి మీద తీసుకొచ్చాడు. డెబ్బై అయిదు దాటిన మనిషి, తెల్ల గడ్డం, తలమీద టోపీ, మోకాళ్ల నొప్పులతో కర్ర. షెడ్డులోకి వచ్చి మా జవానును చూసి నవ్వాడు. నవ్వు ఆపడానికి కర్ర మీద ఆనుకోవాల్సి వచ్చింది.

"తుపాకీ ఎందుకయ్యా? సముద్రంల చేపలను కొడ్తడా?"

మా ఆయన చిన్నబోయాడు. ఖాజా సాబ్ తుపాకీ తీసేయమన్నాడు, బెల్టు తీసేయమన్నాడు. విమానంలో కూర్చునేవాళ్లు కాళ్లూ చేతులూ కలిసిన ఒకే కుట్టు బట్ట వేసుకుంటారని, దాని మీద ఛాతీకి లైఫ్ జాకెట్, అంటే నీళ్లలో తేలేలా గాలి నింపుకునే కోటు, కట్టుకుంటారని చేతులతో గీసి చూపించాడు. చూపిస్తూ విగ్రహం ముఖం వైపు వచ్చాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఇది ఎవరిది?"

"అయిజ దగ్గరి మనిషి, తిమ్మప్ప అని," అన్నాను.

కింద ఇసుక బస్తా ఉంటే దాని మీద కూర్చున్నాడు. "ఆయన పోయిన విమానం చక్రాలకు అడ్డం పెట్టిన చెక్కలు గుంజింది నేనే, అమ్మా."

అదే రోజు రాఘవేందర్‌కు ఫోన్ చేశాం. ఏ సంగతీ చెప్పలేదు, మర్నాడు పొద్దున అత్తను తీసుకుని రమ్మన్నాం అంతే. మా పాలమూరు వైపు నుంచి నేవీలో ఉన్నవాళ్లే చేతివేళ్ల మీద లెక్క, ఒకే ఓడ మీద ఉన్న ఇద్దరు ఒకరినొకరు ఎరుగుదురంటే అందులో వింత లేదు. యాభై ఏళ్లు ఒకరి సంగతి ఒకరికి తెలియకపోవడమే నాకు వింతగా తోచింది. దానికీ కారణం మర్నాడు తెలిసింది.

ఈరమ్మ రాగానే ఖాజా సాబ్ లేచి నిలబడ్డాడు. తాను ఫలానా అని, తిమ్మప్పతో ఒకే ఓడలో ఉన్నానని చెప్పాడు. ఆమె అతని ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది.

"యుద్ధం అయినంక ఎండకాలం ఒకాయన మా ఇంటికొచ్చిండు. తెల్లబట్టలు ఏసుకొని. నువ్వేనా?"

"నేనే చెల్లె. మీ అమ్మ నీళ్లిచ్చింది. కూసోమన్నది. నేను నోరు తెరవంగనే, నా కొడుకు సంగతి నా కొడుకే వచ్చి చెప్తడు, నీళ్లు తాగి పో నాయనా అన్నది."

"నేను తలుపు ఎనక ఉంటి."

"తల్లి పో అన్నంక ఎట్లొస్త మల్ల? గని ఆ నీళ్లు నాకు ఇంక గొంతుల్నే ఉన్నయి."

నేను స్టూలు వేశాను. ఈరమ్మ కూర్చోలేదు. "అమ్మ లేదిప్పుడు. చెప్పు," అంది.

ఖాజా సాబ్ చెప్పిన సంగతి నాకు మాటకు మాట గుర్తుంది.

"మా ఓడ పైకప్పు మన వడ్లు నూర్చే కల్లం లెక్క చదునుగ ఉంటుండె. ఆ కల్లం మీదికెల్లి విమానం ఎగుర్తది, మల్ల దాని మీదనే దిగుతది. కింద సముద్రం ఊగుతుంటది. దిగుడంటె మాటలు గాదు. విమానంల ముగ్గురు. ముందు నడిపేటాయన, పక్కన పటాలు సూసేటాయన, ఎనక తిమ్మప్ప. నీళ్ల కింద దాక్కొని వచ్చే ఓడలుంటయి, సబ్‌మెరైన్లంటరు. వాటిని మిషన్ల సూసి పట్టుడు తిమ్మప్ప పని, వైర్‌లెస్‌ల మా ఓడకు చెప్పుడు ఆయన పనే. ఓడ మీద ఆయనంటె అందరికీ ఇజ్జత్. ఎందుకంటె ఆయన లేదు అంటె లేదు, ఉన్నది అంటె ఉన్నది. ఊకె భయపెట్టేటోడు గాదు.

ఆ దినం పగటి పూట పోయిన్రు. నేను చెక్కలు గుంజిన, చెయ్యి ఊపిన. ఆయన గూడ ఊపిండు. చానసేపటికి వైర్‌లెస్ వచ్చింది, శత్రువుది సబ్‌మెరైన్ దొరికింది అని. మేము పోయే తొవ్వలనే ఉన్నదట. తర్వాత ఏమైందో ఇప్పటికీ ఎవరికీ తెల్వదు. దెబ్బ తగిలిందో, ఇంజను ఆగిందో. విమానం కిందికి దిగుతున్నది అని తిమ్మప్పే చెప్పిండు. చెప్పి, ఇగ తమ సంగతి విడిచిపెట్టి మల్ల ఆ సబ్‌మెరైన్ ఏడున్నదో, ఎటు పోతున్నదో అంకెలు చెప్పుడు మొదలువెట్టిండు."

అక్కడ ఆగాడు. ఈరమ్మ, "చెప్పు," అంది.

"వైర్‌లెస్ రాసుకునేటాయన నా పక్క బెర్తులనే పండుతుండె. ఆయనే చెప్పిండు నాకు. తిమ్మప్ప ఒక్కొక్క అంకె రెండుసార్లు చెప్పిండట. ఒకటి చెప్పి ఆగేటోడట, రాసుకునేటోనికి అందిందా అని. అందింది అన్నంక రెండోది. చివరి అంకె అయినంక మల్ల మాట రాలే. మా ఓడ తిరిగి ఏరే తొవ్వల పోయింది. ఓడ మీద ఎంతమందిమి ఉన్నమో చెల్లె. మాకు పిల్లలయిన్రు, మనుమలయిన్రు. ఆయన పడ్డ జాగల ఎతకడానికి ఏరే విమానాలు పోయినయి, పడవలు పోయినయి. నీళ్ల మీద నూనె మరక తప్ప ఏం దొరకలే."

రాఘవేందర్ ఫోను మోగితే దాన్ని నొక్కి జేబులో పెట్టుకున్నాడు.

ఈరమ్మ అడిగింది. "భయపడ్డడా మా అన్న?"

"లోపల ఉన్నదేమో తెల్వదు. గొంతుల లేదట. తొందర గూడ లేదట."

"ఈదలేదా?"

"అంత పైకెల్లి పడ్డంక ఈదుడు ఉండదు చెల్లె. బావి గాదది."

ఆమె తల ఊపింది, చాలా మెల్లగా. తర్వాత మా మట్టి తిమ్మప్ప ముందుకు వచ్చి నిలబడి, బిగించిన ఆ పెదవుల మీద వేలు పెట్టింది. మట్టి చూపులో ముట్టుకోనివ్వం, వేలిముద్రలు పడతాయని. నేను వద్దనలేదు.

"నోరు ఇది గాదు చెల్లె," అంది. "నాకు ఎక్కాలు నేర్పేటప్పుడు ఒక్కటి చెప్పి ఆగేటోడు. నేను అనేదాక నోరు మూసేటోడు గాదు. జరంత తెరుచుకొని, నా నోటి దిక్కు సూసుకుంట ఉంటుండె. నేను సరిగ అంటెనే మూసేది. లేకుంటె గట్లనే ఉండేటోడు. నేను కోపానికి, ఈగ పోతది మూసుకో అంటుంటి. ఫొటోగ్రాఫర్ మూయమంటె మూసిండు గని, మా అన్న నోరు మూసిన ముఖం నేను ఎప్పుడు సూసిన్నో నాకే యాదికి లేదు."

నేను వైర్ టూల్ తీసుకున్నాను. చెక్క పిడికి సన్నటి తీగ బిగించిన పనిముట్టు అది, మట్టిని కొంచెం కొంచెంగా గీరడానికి. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"నోరు తెరిస్తే ఎట్ల? వాన నీళ్లు నిలుస్తయి. నాచు పడ్తది. కందిరీగలు గూడు పెడ్తయి. మా నాయన కాలం నుంచి నోరు తెరిచిన బొమ్మ ఒక్కటన్న చేసినమా?"

ఆయన అన్నది అబద్ధం కాదు. బయట నిలబడే విగ్రహానికి నోరు తెరవకూడదు. కానీ నేను అప్పటికే చూసేశాను, ఎక్కడ తెరవాలో. "కింది పెదవి బయటికి వాలుగ చేస్త, నీళ్లు జారిపోతయి. లోపల లోతు తియ్యను, గోరంతనే," అన్నాను. ఆయన చెయ్యి వదిలాడు.

పెద్ద పని కాదు. పెదవుల మధ్య బియ్యపు గింజంత సందు. గడ్డం పైకెత్తి ఉన్నదాన్ని కిందికి దించాను, ఎదుటి మనిషి నోటి వైపు చూస్తున్నట్టు. జవాన్లకు నేను పెట్టే బింకం పోయింది. కళ్ల కింద మట్టి వేలితో ఒత్తి మెత్త చేశాను. చెబుతూ చెబుతూ ఆగిన ముఖం వచ్చింది. అందిందా అని చూస్తున్న ముఖం.

పక్కకు జరిగాను.

ఈరమ్మ ముందు నవ్వింది. "గిట్లనే, గిట్లనే సతాయించేటోడు," అంది. ఆ మాట సగంలోనే ఆమె కళ్లు తడిశాయి. ఖాజా సాబ్ తాను కూర్చున్న ఇసుక బస్తా మీది నుంచి లేచి జాగా ఇచ్చాడు. ఆమె దాని మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ముఖం దాచుకోకుండా ఏడ్చింది. యాభై ఏళ్ల నుంచి దాచిపెట్టిన ఏడుపు అది. రాఘవేందర్ ఎరువుల వ్యాపారి, గట్టి మనిషి, బయటికి పోయి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

మా ఆయన ప్లాస్టర్ బస్తా దగ్గరికి పోయాడు.

పెత్రమాస నాటికి విగ్రహం చేనులో నిలబడింది. ఖాజా సాబ్ చెప్పినట్టు మా ఆయన దిద్దిన ఒకే కుట్టు బట్ట, ఛాతీకి లైఫ్ జాకెట్, చేతుల్లో ఏమీ లేదు. మేము కూడా పోయాం, మామూలుగా పోము కానీ ఆ రోజు పోయాం. ఖాజా సాబ్‌ను కారులో తీసుకొచ్చారు. లీడర్ రాలేదు, రాఘవేందర్ కూడా ఆయన్ను తలుచుకోలేదు. చుట్టూ పత్తి చేను నడుం దాకా ఉంది. మోదుగాకుల్లో బియ్యం, ఉప్పు, చింతపండు, సొరకాయ ముక్క పెట్టి ఉన్నాయి. బియ్యం తీసుకోవడానికి వచ్చిన జంగమయ్య పేర్లు చెప్పమన్నాడు.

ఈరమ్మ తండ్రి పేరు చెప్పింది. తల్లి పేరు చెప్పింది. తమ్ముడి పేరు చెప్పింది. తర్వాత విగ్రహం వైపు చూసింది. జంగమయ్యకు ఏమీ తెలియదు, పాపం. "ఇంకెవరన్న ఉన్నరా అమ్మా?" అన్నాడు.

"ఉన్నడు," అంది. "తిమ్మప్ప. నా అన్న."

జంగమయ్య దోసిట్లో బియ్యం వేసి, చేతులు దులుపుకుని, విగ్రహం దగ్గరికి పోయి కోప్పడింది. "ఇన్నేండ్లు ఆకలితోటి పండవెట్టింది నేను గాదు. అమ్మ. ఆడ కలుస్తది గదా, ఆమెనే అడుగు. నన్ను అనకు."

ఖాజా సాబ్ మొదట నవ్వాడు. ఆయన్ను చూసి ఆమె నవ్వింది. ఆ తర్వాత ఆయనకు నీళ్లిచ్చి, పీట వేసి కూర్చోబెట్టి, "ఈసారి తినకుంట పోయేది లేదు," అంది.

నేను తిమ్మప్పను చూడలేదు. ఆయన నిలబడిన ఓడనూ చూడలేదు, ఆ సముద్రం ఎంతుంటుందో నాకిప్పటికీ అంచనా లేదు. కానీ ఆ ముఖం చేసిన చేతులివి. తాను పడిపోతున్న సమయంలో, రాసుకునే మనిషికి అందాలని ఒక్కో అంకె దగ్గర ఆగినవాడు ఎంత మనిషో నా వేళ్లకు తెలిసింది. ధైర్యం అంటే పెదవులు బిగించడం అనుకుని అంతమంది జవాన్లకు బిగించాను. వాళ్లలో ఎందరి నోళ్లు తప్పుగా మూశానో ఇప్పుడు దిద్దే దారి లేదు. అప్పటి నుంచి మా షెడ్డుకు ఎవరొచ్చినా ఫొటో పక్కన పెట్టమంటాను. ఆయన మాట్లాడితే ఎట్లుండేది, మీరు మాట్లాడితే ఎట్లా వినేవాడు, అది ముందు చెప్పమంటాను. ముఖం అందులోనే ఉంటుంది. జవాను మోల్డ్ ఇప్పుడు మా షెడ్డు వెనక వానకు నానుతోంది, మా ఆయన దాని సంగతి అడగడం కూడా మానేశాడు.

పొద్దుపోయింది, ఇక లేవండి. మీ ఇంట్లోంచి బయటికి పోయిన ప్రతి మనిషీ తిరిగొచ్చి మీ వాకిట్లోనే కాళ్లు కడుక్కోవాలి. మీ ఇంట్లో పిలిచిన పేరుకల్లా పలికే నోరు ఉండాలి. మీ పొయ్యి ఆరకుండా, మీ పిల్లాజెల్లా చల్లగా ఉండాలి.